అర మిల్లీగ్రాము

సదాశివరావు చేతులు వణకవని ఆ సంస్థలో అందరూ ఒప్పుకునేవారు. పడమటి ఢిల్లీలో పొలాల మధ్య ఉన్న ఆ వ్యవసాయ పరిశోధన సంస్థలో ఆయన ఇరవై ఆరేళ్ళుగా టెక్నికల్ అసిస్టెంటు. ఈలోగా ఎందరో శాస్త్రవేత్తలు వచ్చారు, రిటైరయ్యారు. పీహెచ్‌డీ పిల్లలు పట్టాలు పుచ్చుకుని ఎక్కడెక్కడికో వెళ్ళిపోయారు. కానీ నూకగింజంత వేరు కొసని గాజుపలక మీద పెట్టి, రంగు చుక్క వేసి, పైన పల్చటి గాజుబిళ్ళ ఉంచి, బొటనవేలితో ఆయన నొక్కినట్టు నొక్కడం మాత్రం ఎవరికీ పట్టుబడలేదు. ఆయన నొక్కిన పలక మైక్రోస్కోపు కింద పెడితే కణాలన్నీ ముగ్గుపిండి రాల్చినట్టు విడివిడిగా పరుచుకుని కనిపించేవి.

అలాంటి మనిషికి ఒక సీసా అంటే భయం.

అది ఫ్రిజ్‌లో, తాళం వేసిన రేకు డబ్బాలో ఉండేది. వెలుతురు తగిలితే లోపలి మందు బలం చచ్చిపోతుంది కనక దాని చుట్టూ నల్ల కాగితం. ఆ కాగితం మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో ఆయనే గీసిన పుర్రె. పుర్రె కింద ఇంగ్లీషులోనూ హిందీలోనూ ‘కోల్చిసిన్’ అని రాసి ఉండేది. తాళంచెవి ఆయన మొలతాడుకి. కొత్తగా చేరిన ప్రతి విద్యార్థికీ ముందు ఆ సీసా చూపించి, పొడి తూచేటప్పుడు ఫ్యాను ఆపాలని, మూతికి ముసుగు, కళ్ళకి అద్దాలు, చేతులకి రెండు జతల గ్లౌజులు ఉండాలని, గ్లౌజు చేత్తో తలుపు గడియ గానీ ఫోను గానీ ముట్టకూడదని, వాడిన దూది సింకులో పారేయకుండా విడి డబ్బాలో వేసి కాల్చడానికి పంపాలని పాఠం చెప్పేవాడు. అనంతపురం నుంచి వచ్చిన భవ్యశ్రీ అనే అమ్మాయి చేరిన రెండో రోజే గ్లౌజు వేలితో ముక్కు మీది కళ్ళజోడు పైకి తోసుకుంది. ఆయన ఆమెని కుళాయి దగ్గర నిలబెట్టి, గడియారం చూస్తూ పావుగంట సేపు మొహం కడిగించాడు. ఆ పిల్లకి ఏడుపొక్కటే తక్కువ.

ఈ భయం ఊరికే వచ్చింది కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయనకి పని నేర్పింది కేశవరావు అనే పెద్దాయన. ఒక రోజు ఆ పెద్దాయన ఈ మందు ముట్టిన చెయ్యి సరిగ్గా కడుక్కోకుండా కన్ను నలుపుకున్నాడు. సాయంత్రానికి ఆ కన్ను నిప్పుకణిక అయిపోయింది. మూడు వారాలు కట్టు కట్టుకుని తిరిగాడు. చూపు తిరిగొచ్చింది గానీ, ఆ మూడు వారాలూ ఆయన్ని చెయ్యిపట్టి బస్సెక్కించింది సదాశివరావే. అప్పటి నుంచి ఆ మందు సదాశివరావుకి పని సామానులా కనపడటం మానేసి, పడగ విప్పకుండా పడుకున్న పాములా కనపడసాగింది.

రెండువేల అయిదు నవంబరులో ఆ సీసా తియ్యవలసిన పని పడింది. డిపార్టుమెంటులో డాక్టర్ ఇంద్రజ అని వరంగల్ ఆవిడ ఉండేది. ఆవ పంటకి వచ్చే ఆకుమచ్చ తెగులు మీద ఆవిడ ఆరేళ్ళుగా పనిచేస్తోంది. ఆ తెగులు మన ఆవని మాడ్చేస్తుంది గానీ అడవి ఆవ ఒకదాని జోలికి పోదు. రెంటినీ కలిపితే ఆ బలం మన పంటకి వస్తుందని ఆవిడ ఆశ. కానీ ఎన్ని పువ్వులకి పుప్పొడి అద్దినా, కట్టిన పిండం నాలుగు రోజుల్లో ఎండిపోయేది. నాలుగు వందల పువ్వులు అద్ది, ఎండకముందే పిండాలు కోసి తీసి, గాజు గొట్టాల్లో మేపి పెంచితే చివరికి మూడంటే మూడు మొక్కలు బతికాయి.

బతికాయి గానీ అవి గొడ్డు మొక్కలు. తల్లి ఇచ్చిన పద్దెనిమిది క్రోమోజోములకీ తండ్రి ఇచ్చిన పన్నెండుకీ పొంతన లేదు. దేనికీ జత దొరకదు. జత లేనిదే పుప్పొడి గట్టిపడదు, గింజ కట్టదు. వీటికి గింజ పట్టాలంటే దారి ఒక్కటే. ప్రతి క్రోమోజోముకీ దాని నకలునే జతగా ఇవ్వాలి. కణం రెండుగా చీలబోయే ముందు క్రోమోజోములన్నీ ఎలాగూ రెట్టింపవుతాయి. సరిగ్గా ఆ క్షణంలో చీలిక ఆగిపోతే, రెట్టింపైన సరుకంతా ఒకే కణంలో ఉండిపోతుంది. ఆ ఆపే పని చేసేదే సీసాలోని మందు.

అయిదు రోజుల పాటు, పొద్దున్నే మంచు విడవక ముందు, సదాశివరావు గ్లాస్‌హౌస్ అనే గాజు గదిలో ఆ మూడు మొక్కల ముందు ముక్కాలి పీట వేసుకుని కూర్చున్నాడు. పట్టకారుతో గోరంత దూది తీసి, మందులో ముంచి, చిగురు మధ్యన మొగ్గ మీద ఆనించి, అది జారకుండా ఊపిరి బిగబట్టి కూర్చునేవాడు. ఇంద్రజ గాజు తలుపు అవతల నిలబడి చూసేది. లోపలికి వచ్చి ఆయన ఊపిరి చెదరగొట్టడం ఆవిడకి ఇష్టం లేదు.

ఆరో రోజుకి చిగుళ్ళు ఉబ్బి, మెలితిరిగి, నల్లబడ్డాయి. మందు పని చేసిందా, మొక్కని చంపేసిందా అన్నది కొన్ని వారాల వరకు తేలదు.

ఆ వారాల మధ్యలోనే ఆయన కాలి సంగతి మొదలైంది. డిసెంబరులో ఒక తెల్లవారుజామున కుడికాలి బొటనవేల్లో మేకు దిగ్గొట్టినట్టయి లేచాడు. దుప్పటి అంచు తగిలినా ప్రాణం పోతోంది. వేలు ఎర్రగా, ఉడికించిన చిలగడదుంపలా ఉంది. వాళ్ళు ఆర్.కె. పురంలో ఉండేవారు. క్వార్టరు ఆయన భార్య ఛాయాదేవి పేరు మీద వచ్చింది. ఆవిడ అక్కడికి దగ్గరలోనే ఒక మంత్రిత్వశాఖ ఆఫీసులో గుమాస్తా. కూతురు నేహా బెంగుళూరులో చదువుకుంటోంది. ఆ పొద్దున ఛాయాదేవి సెలవు పెట్టి, ఆయన్ని ఆటోలో కూర్చోబెట్టుకుని డిస్పెన్సరీకి తీసుకెళ్ళింది.

అక్కడ డాక్టర్ కమల వేలు చూడగానే గౌట్ అని చెప్పింది. రక్తంలో యూరిక్ యాసిడ్ ఎక్కువై, సూదుల్లాంటి పలుకులుగా కీలులో పేరుకుందని, ఆయనకి కడుపులో పాత అల్సర్ ఉండబట్టి మామూలు నొప్పి మాత్రలు ఇవ్వడానికి లేదని, వేరేది రాస్తున్నానని అంది. రోజుకి రెండే వేసుకోవాలి. విరేచనాలు పట్టుకుంటే వెంటనే ఆపేయాలి. జ్వరానికో గొంతు నొప్పికో ఇంకెవరైనా ఏ మందు రాసినా, ఇది వాడుతున్న సంగతి వాళ్ళకి చెప్పాలి. ఇదంతా ఆవిడ హిందీలో రెండుసార్లు చెప్పింది.

సెక్టార్ మార్కెట్‌లో మందుల షాపతను స్ట్రిప్ చేతిలో పెట్టాడు. సదాశివరావు అలవాటు కొద్దీ వెనక వైపు అచ్చు చదివాడు. కోల్చిసిన్, అర మిల్లీగ్రాము. మళ్ళీ చదివాడు. తర్వాత దాన్ని వేళ్ళ కొసలతో పట్టుకుని, ఛాయాదేవి చేతిసంచీలో కాదు, తన చొక్కా జేబులో కాదు, షాపతన్ని అడిగి కాగితం పొట్లంలో వేయించి తెచ్చుకున్నాడు. ఇంటికొచ్చి పొట్లాన్ని బీరువా పైన, గోడ వైపుకి తోసి పెట్టాడు. కుంటుతూ వెళ్ళి చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాడు.

మాత్ర వేసుకున్నారా అని ఛాయాదేవి అడిగినప్పుడల్లా వేసుకున్నానన్నాడు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆయన ఆవిడతో ఆడిన అబద్ధాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఇది వాటిలో ఒకటి. నాలుగు రోజులు గడిచాయి. వేలి వాపు మడమ దాకా పాకింది. నిద్ర లేక కళ్ళు లోపలికి పోయాయి. అయినా చెయ్యి బీరువా పైకి పోలేదు. ఆ మందు మొగ్గల్ని ఏం చేస్తుందో ఆయన కళ్ళారా చూసినవాడు. దాన్ని నాలుక మీద పెట్టుకోమంటే ఎలా?

ఆదివారం మధ్యాహ్నం ఇంద్రజ, భవ్యశ్రీ చూడటానికి వచ్చారు. మూడు మొక్కల్లో ఒకటి ఎండిపోయిందని, మిగిలిన రెండూ చచ్చినట్టూ బతికినట్టూ కాకుండా ఉన్నాయని భవ్యశ్రీ చెప్పింది. ఛాయాదేవి టీ ఇస్తూ, మందు వాడుతున్నా నొప్పి ఇసుమంత కూడా తగ్గట్లేదని వాపోయింది. ఏం మందు రాశారని ఇంద్రజ అడిగింది. సదాశివరావు టీ గ్లాసు అందుకున్నాడు. ఛాయాదేవే పక్క గదిలో వెతికి, చివరికి స్టూలెక్కి పొట్లం దింపి తెచ్చింది. విప్పితే స్ట్రిప్‌లో పది మాత్రలకి పదీ ఉన్నాయి.

ఆవిడ ఆయన వంక చూసి, ఏమీ అనకుండా స్టూలు పక్కకి జరిపింది. ఆ మౌనం ఆయనకి వేలి నొప్పి కంటే ఎక్కువ తగిలింది.

“నా సీసాలో ఉన్నదీ ఇదే మేడమ్. ఇది నోట్లో వేసుకోవడం నా వల్ల కాదు,” అన్నాడు.

ఇంద్రజ నవ్వలేదు. ఆవిడ స్ట్రిప్ తిప్పి చూసి, సీసాలో ఎంత బలానికి కలిపారో గుర్తుందా అని అడిగింది. ఆయనకి గుర్తుండకపోవడమేమిటి? వంద మిల్లీలీటర్లకి రెండు వందల మిల్లీగ్రాములు. మరి ఒక్క మిల్లీలీటరులో ఇలాంటి మాత్రలు ఎన్ని ఉన్నట్టు అంది. ఆయన మనసులో లెక్క వేశాడు. నాలుగు. సీసా మొత్తంలో నాలుగు వందలు. ఆ అంకె పైకే అన్నాడు.

“భయపడుడు తప్పు కాదు రావుగారూ. ఆ సీసాకి ఎంత భయపడాల్నో అంతే భయపడ్డరు మీరు. కానీ ఈ మాత్ర ఆ సీసా కాదు,” అంది ఇంద్రజ.

అప్పుడు ఆవిడ కుర్చీ దగ్గరికి జరుపుకుని, ఇరవై ఆరేళ్ళలో ఆయన ఎవర్నీ అడగని సంగతి చెప్పడం మొదలుపెట్టింది. ప్రాణమున్న ప్రతి కణంలోనూ అతి సన్నటి దారాలుంటాయట. పూసలు గుచ్చినట్టు అవసరమైనప్పుడు కూడుకుంటాయి, పని కాగానే విడిపోతాయి. కణం చీలేటప్పుడు క్రోమోజోముల్ని చెరో వైపుకీ లాగేవి ఆ దారాలే. ఈ మందు వెళ్ళి పూసలో ఉన్న ఒక చిన్న నొక్కులో కూర్చుంటుంది. కూర్చుంటే ఇక దారం కూడదు. మొక్కలో జరిగేది అదే.

ఇక వేలి సంగతి. కీలులో చేరిన సూదుల్ని చూసి రక్తంలోని తెల్లకణాలు శత్రువనుకుని పరుగెత్తుకొస్తాయి. వాటిని మింగబోయి దెబ్బతింటాయి, ఇంకొన్నింటిని పిలుస్తాయి. ఆ మంట, ఆ వాపు వాటి యుద్ధమే. అవి పాకడానికీ ఒకదాన్నొకటి పిలుచుకోవడానికీ వాడేది కూడా ఆ దారాలనే. మందు కొంచెంగా చేరితే ఆ రాకపోకలు సద్దుమణుగుతాయి. ఎక్కువ చేరితే పేగుల్లో, మూలుగలో, గుండెలో ప్రతి చోటా దారాలు తెగి మనిషి పోతాడు. మేలుకీ కీడుకీ మధ్య ఉన్న సందు చాలా ఇరుకని, అందుకే డాక్టరు రెండుసార్లు చెప్పిందని అంది.

సదాశివరావు వంగి తన వేలు చూసుకున్నాడు.

“ఆవమొక్కలో తెగే దారమూ నా వేల్లో ఉన్న దారమూ ఒకటేనా మేడమ్?” అని అడిగాడు.

“దాదాపు ఒకటే. కొద్దిగ తేడా ఉంటది. మీ పూసలు ఈ మందుని గట్టిగ పట్టుకుంటయ్, మొక్క పూసలు అంత గట్టిగ పట్టుకోవు. అందుకే దానికి అంత బలంగ కలపాలె. మీకు అర మిల్లీగ్రాము చాలు.”

కింద పార్కులో పిల్లల ఆట వినపడుతోంది. ఇన్నేళ్ళూ మైక్రోస్కోపు ఇవతల తానున్నాడు, అవతల మొక్క ఉంది అనుకున్నాడు. మధ్యలో ఒక గాజుపలక. ఇప్పుడు ఆ గాజుపలక లేదు. గ్లాస్‌హౌస్‌లో మంచుకి ముడుచుకున్న ఆ రెండు మొక్కలూ తనూ ఒకే నూలు వడుక్కుని బతుకుతున్నారు. ఛాయాదేవి, ఈ అమ్మాయిలు, పార్కులో పిల్లలు, చెట్టు మీద చిలకలు, అందరూ అదే నూలు.

ఈ మందు అసలు ఎక్కడి నుంచి వస్తుందో తెలుసా అని భవ్యశ్రీ అడిగింది. ఆయనకి తెలిసింది కంపెనీ పేరు ఒక్కటే. మన దేశంలో ఎక్కువగా అడవినాభి గింజల నుంచి తీస్తారని ఆ పిల్ల చెప్పింది. ఆయన తలెత్తాడు. బాపట్ల దగ్గర వాళ్ళ ఊరి సముద్రపు ఇసకలో కంచెల మీద వానాకాలం పాకే తీగ అది. పసుపూ ఎరుపూ కలిసి మంట నాలుకల్లా పైకి లేచే పువ్వు. దాని దుంప తిన్న గొడ్లు చస్తాయని తెలుసు గానీ, తన మొలతాడున తాళంచెవి వేలాడదీసుకుని కాపలా కాసింది ఆ పువ్వునే అని తెలియదు.

“మరి ఆ తీగలోనూ దారాలుండాలిగా? దానికేం కాదా?”

ఇలాంటి మొక్కల్లో ఆ నొక్కు కాస్త మారి ఉంటుందని, అందుకని తన విషం తనకి అంటదని ఇంద్రజ చెప్పింది. ఆయన మంచినీళ్ళు తెమ్మని ఛాయాదేవికి సైగ చేశాడు. మాత్రని గోటితో నొక్కి అరచేతిలోకి తీసుకున్నాడు. కందిగింజంత లేదు. దాని మీద కాసేపు చూపు నిలిపి, గుడిలో తీర్థం పుచ్చుకున్నట్టు నోట్లో వేసుకున్నాడు. వేసుకుని స్ట్రిప్ భార్య చేతికిచ్చి, ఇది నీ దగ్గరే ఉంచు, ఇంటికొచ్చే పిల్లలెవరికీ అందనివ్వకు, నేనడిగినా రోజుకి రెండు కంటే ఇవ్వకు అన్నాడు.

“నాలుగొందల మాత్రల సీసాతో ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషి, ఒక్క మాత్రకి నాతో అబద్ధమాడారు,” అంది ఛాయాదేవి. కానీ గ్లాసు పుచ్చుకున్న చెయ్యి ఆయన భుజం మీద ఒక్క క్షణం ఆగింది.

మర్నాడు సాయంత్రానికి దుప్పటి తగిలితే ఓర్చుకోగలిగాడు. మూడో రోజున పాదం నేల మీద మోపి నిలబడ్డాడు. పలుకులు ఇంకా కీలులోనే ఉన్నాయి. వాటి మీదికి వచ్చే గుంపు మాత్రం ఆగిపోయింది. కనపడని ఆ నిశ్శబ్దాన్ని ఆయన వేల్లో వింటున్నట్టే కూర్చునేవాడు.

జనవరి నెలలో ఒక పొద్దున గ్లాస్‌హౌస్‌లోకి అడుగుపెట్టేసరికి భవ్యశ్రీ ఆయన చెయ్యి పట్టుకుని రెండో మొక్క దగ్గరికి లాక్కెళ్ళింది. మెలితిరిగిన చిగురు పక్క నుంచి ఒక కొమ్మ లేచింది. ఆకులు దళసరిగా, ముదురు పచ్చగా ఉన్నాయి. మిగతా కొమ్మల మీది పువ్వులు బక్కగా ఉంటే, దీని మొదటి పువ్వు దాదాపు ఒకటిన్నర రెట్లుంది. అదే మొక్క, అదే వేరు. ఒక్క కొమ్మ మాత్రం ఇంకో జాతిదైపోయింది.

పాత కొమ్మ పుప్పొడి ఒక పలక మీదా, కొత్త కొమ్మ పుప్పొడి ఒక పలక మీదా వేసి ఎర్ర రంగు చుక్కలు పెట్టాడు. మొదటి పలకలో రేణువులన్నీ ముడతలు పడి, రంగు పట్టకుండా, పొట్టులా ఉన్నాయి. రెండో పలక పెట్టి ఫోకస్ తిప్పాడు. ఎర్రగా, గుండ్రంగా, నిండుగా, దానిమ్మ గింజలు రాసిపోసినట్టున్నాయి. ఆయన తల ఎత్తలేదు. ఇంద్రజ వచ్చి వెనక నిలబడింది. ఎంతసేపటికీ ఆయన లేవకపోతే, కుర్చీ తెచ్చుకుని పక్కన కూర్చుంది.

ఇంత మంచి జరిగిన తర్వాతే ఆయన తప్పు చేశాడు.

మార్చి మధ్యలో కాయలు పసుపు తిరిగాయి. ఎండెక్కితే ఆవ కాయలు పగిలి గింజ రాలిపోతుంది కనక పొద్దున్నే కోయాలని రోజు నిర్ణయించుకున్నారు. ముందురోజు సాయంత్రం అదే వేలు మళ్ళీ సలపడం మొదలెట్టింది. ఈ కోత చూడకుండా ఇంట్లో పడుకోవడం ఆయనకి ఇష్టం లేదు. ఛాయాదేవి ఆఫీసు పని మీద చండీగఢ్ వెళ్ళింది. స్ట్రిప్ ఎక్కడుందో ఆయనకి తెలుసు. భోజనమయ్యాక రెండు వేసుకున్నాడు. తెల్లారి తగ్గలేదని మరో రెండు. బస్సు ధౌలా కువాఁ దాటుతుండగా ఇంకో రెండు. ఒకప్పుడు ముట్టడానికి జంకిన మందు మీద ఇప్పుడు అంత నమ్మకం కుదిరింది. దాని అద్భుతం చూశాక, దాని ఇరుకు సందు మరిచిపోయాడు.

గ్లాస్‌హౌస్ చేరేసరికి కడుపులో మెలిపెట్టింది. రెండుసార్లు బయటికి వెళ్ళొచ్చాడు. నుదుటి మీద చల్లటి చెమట. కత్తెర పట్టుకుని ఎదురుచూస్తున్న భవ్యశ్రీ ఏమైంది సార్ అని అడిగింది. ఏమీ లేదని అనబోయాడు. ఇరవై ఆరేళ్ళుగా పిల్లలందరికీ తను చెప్పిన పాఠంలో ఒక మాట ఉంది. పొరపాటు జరిగితే దాచొద్దు, మొదట కనపడిన మనిషికి చెప్పు.

“పన్నెండు గంటల్లో ఆరు మాత్రలు వేసుకున్నానమ్మా,” అన్నాడు.

ఆ పిల్ల కేక వెయ్యలేదు, మందలించలేదు. కత్తెర బల్ల మీద పెట్టి, “పదండి సార్, పోదాం. ఆ స్ట్రిప్ జేబులోనే ఉండనీండి, డాక్టర్లకి చూపించల్ల,” అంది. గేటు దగ్గర ఆటో ఆపి, దారిలోనే ఇంద్రజకి ఫోను చేసింది.

ఆసుపత్రిలో ఎన్ని, ఎప్పుడెప్పుడు అని అడిగారు. ఆయన స్ట్రిప్ ఇచ్చి గడియారం సమయాలతో సహా చెప్పాడు. మోతాదు ప్రాణం మీదికి వచ్చేంత కాదు గానీ, ఈ మందు రెండో రోజో మూడో రోజో అసలు మొహం చూపిస్తుందని, అంతవరకు ఇక్కడే ఉండాలని అక్కడి డాక్టరు చెప్పాడు. సెలైన్ పెట్టారు. గుండె చూశారు. పూటపూటకీ రక్తం తీసి మూత్రపిండాలు, తెల్లకణాలు పరీక్షించారు. చండీగఢ్ నుంచి ఛాయాదేవి వచ్చి మంచం పక్కన కూర్చుంది. ఈసారి ఆవిడ మౌనంగా ఉండలేదు, చాలా మాటలే అంది. ఆయన అన్నింటికీ తల ఊపాడు. పడుకుని తన ఒంట్లోని కోటానుకోట్ల దారాల గురించి ఆలోచించాడు. కొన్ని తెగుతున్నాయి, కొన్ని తిరిగి కూడుకుంటున్నాయి. తను అడగకుండా, తనకి చెప్పకుండా, ఇన్నేళ్ళుగా అవి ఈ పని చేస్తూనే ఉన్నాయి. దానికి తను ఏనాడూ కృతజ్ఞత కూడా చెప్పుకోలేదు.

నాలుగో రోజుకి పరీక్షలన్నీ బాగున్నాయన్నారు. డాక్టర్ కమల కబురందుకుని, ఇకపై ఈ మందు వద్దు, యూరిక్ యాసిడ్ మొదట్లోనే తగ్గించే దారి చూద్దామంది. ఆ మధ్యాహ్నం ఇంద్రజ, భవ్యశ్రీ కలిసి వచ్చారు. భవ్యశ్రీ సంచీలోంచి ఒక నూనె కాగితం కవరు తీసి, ఆయన అరచేతిలో మెల్లగా వంచింది. కొమ్మకి పట్టిన కాయల్లో చాలామట్టుకు తాలు. మిగిలినవాటిలో దొరికినవి పదకొండు గింజలు. మామూలు ఆవగింజ కంటే కాస్త లావుగా, గోధుమ నలుపులో ఉన్నాయి. ఈ లోకంలో అంతకు ముందు లేని గింజలు. సెలైన్ సూది ఉన్న చెయ్యి కదపకుండా, ఆ పదకొండింటినీ ఆయన ఒక్కొక్కటిగా వేలి కొసతో తాకాడు.

అక్టోబరులో తొమ్మిది మొలిచాయి. వేరు కొసలు కోసి, నానబెట్టి, రంగు వేసి, సదాశివరావు బొటనవేలితో నొక్కాడు. లెక్కపెట్టాడు. ముప్ఫై ఉండవలసిన చోట అరవై. మళ్ళీ లెక్కపెట్టాడు. భవ్యశ్రీని కూర్చోబెట్టి లెక్కపెట్టమన్నాడు. అరవయ్యే సార్ అంది.

ఆ శనివారం ఆయన ఛాయాదేవిని బస్సులో సంస్థకి తీసుకెళ్ళాడు. ఇరవై ఆరేళ్ళలో ఆవిడ గేటు దాటి లోపలికి రావడం అదే మొదలు. స్టూలు ఎత్తు సరిచేసి, మైక్రోస్కోపు దీపం వెలిగించి, పలక పెట్టి చూడమన్నాడు. ముందు తన రెప్పల వెంట్రుకలే కనపడుతున్నాయని ఆవిడ విసుక్కుంది. కన్ను కాస్త దూరం పెట్టమన్నాడు.

“అయ్యో, నల్లపూసలు తెగి చెల్లాచెదురైనట్టున్నాయి,” అంది కాసేపటికి.

అవే క్రోమోజోములన్నాడు. కొన్ని తల్లివి, కొన్ని తండ్రివి, ఇప్పుడు అన్నింటికీ జత ఉంది అన్నాడు. మనలోనూ ఇలాగే ఉంటాయా అని అడిగింది. మనకి నలభై ఆరు అని చెప్పాడు. కిటికీ అవతల ట్రాక్టరు ఒకటి ఆవ చేనుకి చాళ్ళు వేసుకుంటూ అటూ ఇటూ తిరుగుతోంది. టీ టైము అయింది, వెళ్దామా అన్నాడు. ఛాయాదేవి కన్ను తియ్యకుండానే, ఉండండి అని చేత్తో సైగ చేసింది.